పంటు మీద పంచాయితీ

మా మావయ్యగారిది సూర్యాపేట పక్క పల్లె. నాన్నది నరసాపురం. వియ్యంకులిద్దరూ ఒకరినొకరు ‘బావగారూ’ అని పిలుచుకుంటారు. ఆ పిలుపులో ఉన్న మర్యాద దాని వెనక వచ్చే మాటలో చాలాసార్లు ఉండదు. సంక్రాంతికి వచ్చిన మావయ్య కనుమ నాటి రాత్రి నా ఫోన్లో ‘రజాకార్’ సినిమా చూశారు, 2024లో వచ్చినది. నిజాం పాలన చివర్లో ఖాసిం రజ్వీ నడిపిన రజాకార్ల కథ అది. తెల్లారి అందరం అంతర్వేది బయల్దేరాం. మాధవాయిపాలెం రేవులో పంటు అవతలి ఒడ్డున ఉంది. అది వచ్చేదాకా నిలబడాలి. అక్కడ మొదలైంది.

నేను ఒకరికి కొడుకుని, ఒకరికి అల్లుణ్ణి. నోరెత్తితే ఏదో ఒక ఇంట్లో అన్నం మానుకోవాలి. అందుకే వింటూ ఉండిపోయాను. గుర్తున్నంతవరకూ వాళ్ల మాటల్లోనే రాస్తున్నాను.

మావయ్య: సినిమాల కొంచెం ఎక్కువ చేసిండ్రు, ఒప్పుకుంట. కాని జరిగిందయితే జరిగింది గదా బావగారూ. ఖాసిం రజ్వీ ఏం పేరు మీద లేచిండు? మతం పేరు మీదనే. మరి ఆ మతపోళ్లకు దాంతోని ఏం సంబంధం లేదంటే ఎట్ల?

నాన్న: రజ్వీ లాతూరు ప్లీడరండి. ఆయన చేసింది ఆయన ఖాతాలోదే. మా ఊళ్లో సైకిలు మీద అత్తరు అమ్ముకునే ముసలాయనకి అందులో ఏటి సంబంధం?

మావయ్య: లేదని మీరంటున్నరు. ఉన్నదని రజ్వీ అన్నడు. ఆయన కంటె ముందు బహదూర్ యార్ జంగ్ అన్నడు. వాళ్ల పార్టీ మజ్లిస్ 1927ల పుట్టింది. దాన్ని పెద్దగ చేసింది ఆయన. ఆయన జనానికి నేర్పిన మాట ఒకటున్నది, ‘అనల్ మాలిక్’ అని. నేనే రాజును అని దానర్థం. గద్దె మీద కూసున్నది నిజాం ఒక్కడే కాదు, సంస్థానంల ఉన్న ముసల్మాను ప్రతి ఒక్కడూ కూసున్నట్టే లెక్క. వాళ్లు నూటికి పన్నెండో పదమూడో. మిగిలినోళ్లం మేమేంది మరి? రయ్యత్. ఇది బయటోడు వేసిన నింద కాదు బావగారూ, వాళ్ల నాయకుడు తానే వేసిన లెక్క. రాజ్యంల వాటా ఉన్నదన్నోనికి పాపంల వాటా లేకుంట పోతదా?

ఈ వాదన తేలికైంది కాదు. ‘ఎవరో ఒకడు చెడ్డవాడైతే మతానికేం’ అని సులువుగా తేల్చేసేవాళ్లు ఈ ‘అనల్ మాలిక్’ దగ్గర ఆగాల్సిందే. నాన్న కూడా ఆగారు. జేబులో చిల్లర వెతుకుతున్నట్టు నటించారు.

నాన్న: వాటా అన్నారు, బాగుంది. మరి వాటాదారుడికి పంచిందేటండి? రిక్షా తొక్కేవాడికి నువ్వే రాజువిరా అని చెప్పి రిక్షాయే తొక్కించేరు. జాగీర్లు ఎవరివి? పాయగాల నవాబులవి. లాభం ఒక్క దమ్మిడీ పంచని కంపెనీ, దివాలా తీసేక వాటాదారుల ఇళ్లు జప్తు చేస్తానంటే మీరు ఒప్పుకుంటారా?

మావయ్య: పైస ఇయ్యలే, నిజం. కాని గర్వమిచ్చిండు. గర్వం కూడ జీతమే.

నాన్న: సరే, ఇంకో లెక్క చూడండి. నిజాం ప్రధాని లాయక్ అలీ మంత్రివర్గంలో ఉపప్రధాని ఎవరు? పింగళి వెంకట్రామారెడ్డి. విద్యామంత్రి బి.ఎస్. వెంకట్రావు. వీళ్లిద్దరి పేరూ ఏ మతం పద్దులో రాద్దామంటారు? 1940లో రైతు బందగీని చంపించిందెవరు? విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి. చచ్చినవాడు ముసల్మాను, చంపించినవాడు హిందువు. ఆ దేశ్‌ముఖ్ వెనక ఉన్నది నిజాం పోలీసు. మా ఊళ్లల్లో ‘మా భూమి’ నాటకం ఆడినప్పుడు జనం ఏడిచింది ఈ బందగీ కథకేనండి. అందులో మతమెక్కడుంది?

మావయ్య: విసునూరోని సంగతి నాకు చెప్తున్నరా! మా తాత వాని గడి ముందల చెప్పులు చేతుల పట్టుకొని నడిచినోడు. కాని ఒక మాట. దేశ్‌ముఖ్ కొరడ పట్టింది భూమి కోసం. ఏ దేవుని పేరూ చెప్పలే. రజ్వీ దేవుని పేరు చెప్పిండు. చెప్పినోనికీ చెప్పనోనికీ ఫరక్ ఉంటది.

నాన్న: ఉంటుందా? మరి మీ తాతగారు చెప్పులు చేత్తో ఎందుకు పట్టుకున్నారండి? ఏ కులం వాడు చెప్పులు తొడగచ్చో, ఎవడు వెట్టి చెయ్యాలో దేశ్‌ముఖ్ సొంతంగా కనిపెట్టేడా? అదెక్కణ్ణుంచి వచ్చింది?

మావయ్య జవాబు చెప్పలేదు. అవతల పంటు కదిలిన చప్పుడు వినిపించింది. అమ్మా అత్తయ్యా ఉడకబెట్టిన వేరుశనక్కాయలు వలుస్తూ మమ్మల్ని చూసి నవ్వుకుంటున్నారు. ఇద్దరికీ ఈ గొడవ కొత్త కాదు. పెళ్లిచూపుల నాడు పప్పుచారు దగ్గర మొదలైన గొడవ ఇది, విషయం మాత్రం మారుతూ ఉంటుంది.

నాన్న లేసు వ్యాపారం చేసినవారు. ఈ ఊళ్లో లేసు అల్లడం మిషనరీలతో వచ్చిన విద్య. బౌడెన్, బీర్ అనే ఇద్దరు 1836లో ఇంగ్లండు నుంచి ఈ తీరానికి వచ్చారు. వాళ్లు మొదలుపెట్టిన గోదావరి డెల్టా మిషను ఇక్కడ వేళ్లూనింది. తరవాత వచ్చిన మిషను దొరసానుల నుంచి ఆడవాళ్ల చేతికి ఆ కొక్కెం సూది అందింది. ఇప్పుడది కులం మతం లేకుండా పల్లె పల్లెలో అరుగు మీద కనపడుతుంది. నాన్న ఏ వాదనైనా చివరికి లేసు దగ్గరికే తెస్తారు. అప్పుడూ తెచ్చారు.

నాన్న: నాకు లేసు అల్లి ఇచ్చిన ఆడవాళ్లలో సగం మంది కిరస్తానీలు. హిట్లరుకి పుట్టగానే బాప్తిస్మం ఇచ్చేరండి, క్యాథలిక్కు. ముస్సోలినీ 1929లో పోపుతో ఒప్పందం మీద సంతకం పెట్టేడు. స్పెయిన్లో ఫ్రాంకో పూజలు తెలిసిందే. ఇన్నేళ్లలో నేనెప్పుడైనా ‘అమ్మా, మీ హిట్లరు అలా చేసేడేమిటి’ అని అడిగి డబ్బులు కోసుకున్నానా? అడిగితే పిచ్చివాణ్ణనుకుంటారు. మరి ఒక్క అత్తరు ముసలాయన్ని అడిగితే మాత్రం అది చరిత్ర జ్ఞానమా?

మావయ్య: హిట్లర్ నరసాపురం రాలే గదా బావగారూ! వచ్చి ఉంటే అడిగేటోళ్లు మీరు. గోదావరి ఒడ్డున కూసొని నీతి చెప్పుడు సులువే. రజాకార్లు మా ఊరికి వచ్చిన్రు. మా నాయనమ్మ నడుముకు నగలు మూటకట్టుకొని కృష్ణా జిల్లా క్యాంపుకు నడిచింది. భైరాన్‌పల్లి బురుజు ఇప్పటికీ ఉన్నది. 1948 ఆగస్టు 27 నాడు అక్కడ లైనుల నిలబెట్టి కాల్చిన్రు. మీ సర్కారు జిల్లాలను నిజాం 1766లనే ఇంగ్లీషోళ్లకు వదిలేసిండు. అదృష్టం మీది. మాకు ఇంకో 182 ఏండ్లు పట్టింది.

ఈ దెబ్బ గట్టిదే. బాధపడ్డవాడికి తూకం చెప్పే హక్కు బాధపడనివాడికి ఎంతుంటుందన్నది నాకూ తేలని విషయం. ‘మీకేం తెలుసు’ అన్న మాట వాదన కాదంటారు. కానీ తెలియకపోవడం కూడా ఒక లోపమే కదా.

పంటు ఒడ్డు తగిలింది. బైకులు, పాలక్యాన్లు, అంతర్వేది మొక్కుబడుల వాళ్లు, ఒక కారు. ఎక్కి రెయిలింగ్ పక్కన నిలబడ్డాం. వశిష్ఠ గోదావరి మీద పొగమంచు ఇంకా పూర్తిగా పోలేదు.

మావయ్య: ఇంకోటి చెప్పుండ్రి. కృష్ణదేవరాయలు అంటే మీకు ఛాతీ పొంగుతది. మొన్న మా మనవనికి చెప్తున్నరు, మనోడు మనోడని. ఆయన ఏలింది అయిదొందల ఏండ్ల కింద. ఆయన గొప్పతనంల మీకు వాటా ఎట్లొచ్చింది? మంచోడు మనోడు, చెడ్డోడు ఎవనివాడో. ఇది ఏ బజార్ల తూకం?

నాన్న దీనికి నిజంగా జవాబు దొరక్క నీళ్లవైపు తిరిగారు. చాలామంది దగ్గర జవాబుండదు. అందరూ గొప్పవాళ్లని వారసత్వంగా తీసుకుంటారు, దుర్మార్గుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ వీలునామా మీద సంతకం మాది కాదంటారు. పంటు నడి గోదారికి వచ్చేదాకా నాన్న మాట్లాడలేదు.

నాన్న: బావగారూ, కాటన్ దొర సంగతి చూడండి. ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో అయిపోయింది. అంతకుముందు ఈ డెల్టా కరువులో ఎలా చచ్చిందో మా పెద్దవాళ్లు చెప్పేవారు. మా వైపు పురోహితులు గోదారి స్నానంలో ఆయన పేరు తలుచుకుని దణ్ణం పెడతారు. ఊరూరా ఆయన బొమ్మలున్నాయి. ఆయన మంచి భక్తిపరుడైన క్రైస్తవుడు. అయినా మేం ఆయన మతానికి దణ్ణం పెట్టలేదు, ఆయనకే పెట్టేం. నీళ్లు తెచ్చిన ఘనతని ఇంగ్లండు చర్చిలో పంచిపెట్టలేదు. రాయల విషయంలో నేను చేసింది తప్పేనండి. అది అరువు నగ. పెట్టుకుంటే అందంగా ఉంటుంది కదాని పెట్టుకున్నాను. కాటన్ విషయంలో మావాళ్లు చేసిందే సరైన లెక్క.

మావయ్య: కాటన్ మతం పేరు చెప్పి ఆనకట్ట కట్టలే. మల్ల నా మాటకే వస్తున్నరు.

నాన్న: చెప్పి ఉంటే? ఇది దేవుడి పనే అని ఆయన లోపల అనుకునే ఉంటాడు. మనం ఆయన అనుకున్నది చూళ్లేదు. కాలవలో నీళ్లొచ్చేయా లేదా అనే చూసేం. మరి రజ్వీ దగ్గరకొచ్చేసరికి ఆయన అనుకున్నదే పట్టుకుంటారేటి? ఆయన చెప్పినవాటిల్లో మీరు నమ్మేదేటి చెప్పండి. ఎర్రకోట మీద అసఫ్ జాహీ జెండా ఎగరేస్తానన్నాడు, నమ్మేరా? హైదరాబాదు ఓడదన్నాడు, నమ్మేరా? అన్నీ బూటకమే అంటారు. ‘ఈ జనమంతా నా వెనక ఉన్నారు’ అన్న ఆ ఒక్క మాట మాత్రం వేదవాక్కు ఎలా అయ్యిందండి?

మావయ్య తల తిప్పి నాన్నవైపు చూశారు. నాకు తెలిసి ఆయన మొదటిసారి వింటున్నట్టు చూశారు. ఏ నియంత అయినా మొదట దొంగిలించేది ఖజానా కాదు, ఇలాంటి సంతకాలనే. ఉగాండా నియంత ఈదీ అమీన్ 1972లో ఆసియా వాళ్లని దేశం నుంచి తరిమేశాడు. నేనూ ముసల్మాన్నే అని చెప్పుకున్న ఆ మనిషి తరిమినవాళ్లలో ముసల్మానులూ ఉన్నారు. ఇది నేను లోపల అనుకున్నది, పైకి అనలేదు.

మావయ్య: సరే. వాళ్లు ఆయన వెనక లేరనుకుందాం. మరి లేమని చెప్పాలె గదా? ఎంతమంది చెప్పిన్రు?

నాన్న: షోయబుల్లా ఖాన్ చెప్పేడు. ‘ఇమ్రోజ్’ ఎడిటరు. హైదరాబాదు ఇండియన్ యూనియన్లో కలవాలని ఉర్దూలోనే రాసేడు. 1948 ఆగస్టు 21 రాత్రి ఆఫీసు నుంచి ఇంటికెళ్తుంటే కాల్చి, చెయ్యి నరికేరు. ముప్పై ఏళ్లు కూడా నిండలేదతనికి.

మావయ్య: ఒక్కడు.

నాన్న: ఆ నరికిన చెయ్యి చూసేక ఇంకెంతమంది చెయ్యెత్తుతారండి? మఖ్దూం మొహియుద్దీన్‌ని కూడా లెక్కపెట్టండి.

మావయ్య: మఖ్దూం కమ్యూనిస్టు. ఆ లెక్కల రాడు.

నాన్న: ఓహో. మంచివాడైతే కమ్యూనిస్టు, చెడ్డవాడైతే ముసల్మానా? బాగుందండి తూకం. ఇది ఏ బజారుది?

మావయ్యకి నవ్వొచ్చింది. ఆపుకోలేదు. పక్కనున్న పాలబ్బాయి కూడా నవ్వాడు, వాడికి ఏం అర్థమైందో తెలియదు.

మావయ్య: మీరు మాటకారులు. కాని నా మనసుల ఉన్నది వేరే. నేను శిక్ష అడుగుతలేను. ‘మా దేవుని పేరు చెప్పి చేసిండు, మాకు సిగ్గుగ ఉన్నది’ అని ఒక్క మాట. అంతే. అది కూడ అడగొద్దా?

నాన్న: మా మిషను హైస్కూల్లో ఒక పాస్టరుగారు చెప్పేవారండి. 1945 అక్టోబరులో జర్మనీలో స్టుట్‌గార్ట్ అనే ఊళ్లో చర్చి పెద్దలు కూర్చుని, హిట్లరు కాలంలో మేం గట్టిగా ఎదిరించలేదు, ఆ తప్పు మాదే అని రాసి సంతకాలు పెట్టేరట. పెట్టినవాళ్లలో నీమొల్లరు అనే ఆయన ఉన్నాడు. ఆయన్ని హిట్లరు ఎనిమిదేళ్లు జైల్లో, క్యాంపుల్లో పెట్టేడు. ఎదిరించినవాడే నేను చాలినంత ఎదిరించలేదన్నాడు. అలాంటి సిగ్గు ఉంటుందండి, నేను కాదనను. కానీ అది ఆయనంతట ఆయన ఎత్తుకున్నాడు. మీరు రేవులో నిలబడి, దిగేవాడి టోపీ చూసి, ఏదీ నీ సిగ్గు తియ్యి అని టిక్కెట్టులా వసూలు చేస్తే అది సిగ్గు కాదు, సుంకం.

మావయ్య: ఎవలూ తమంతట తాము ఎత్తుకోకపోతే?

నాన్న: పోతే పోయింది. ఎత్తుకోని బరువుకి జరిమానా వెయ్యలేం కదా.

మావయ్య: నాకు ఒప్పుదల లేదు.

సఖినేటిపల్లిలో దిగి ఆటో ఎక్కాం. అంతర్వేదిలో దర్శనం తొందరగానే అయింది. కొత్త రథం షెడ్డు దగ్గర మావయ్య ఆగారు. పాతది 2020 సెప్టెంబరులో ఒక రాత్రి కాలిపోయింది. ఎవరు, ఎలా అన్నది తేలకముందే ఈ చుట్టుపక్కల వేళ్లు పొరుగు మతం మీదికి లేచాయి. ఆ వారం మా లేసు ఆడవాళ్లలో కొందరు సరుకు పట్టుకుని ఊళ్లోకి రాలేదు. నాన్న ఆ సంగతి ఎత్తుతారేమో అనుకున్నాను. ఎత్తలేదు. షెడ్డు చుట్టూ ఒకసారి తిరిగి, చక్రాల కర్ర ఏమిటో వాచ్‌మన్‌ని అడిగారంతే.

అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర, గోదారి సముద్రంలో కలిసేచోట, ఇసకలో కూర్చున్నాం. అప్పుడు మావయ్య తనంతట తాను మొదలుపెట్టారు.

మావయ్య: 1948 సెప్టెంబర్ 13 నాడు ఇండియా మిలిటరీ దిగింది, పోలీస్ యాక్షన్ అన్నరు. 17కు అయిపోయింది. నిజాంకు ఏమైంది? 1950ల రాజప్రముఖ్ అయిండు, ఆరేండ్లు. రజ్వీ జైలుకు పోయి 1957ల ఇడుదలై పాకిస్తాన్ పోయిండు. 1970ల మంచం మీద సచ్చిండు. అసలు చేసినోళ్లు ఇద్దరూ ముసలితనం చూసిన్రు.

నాన్న: మిగిలినవాళ్లు?

మావయ్య: పండిత్ సుందర్‌లాల్ కమిటీని నెహ్రూ పంపిండు గదా, ముసల్మానుల మీద ఏం జరిగిందో చూసి రమ్మని. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది దాక సచ్చిపోయి ఉంటరని రాసిన్రు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ దిక్కు ఎక్కువ. మా తెలంగాణల అంత లేదు. ఆ రిపోర్టు ఏండ్ల తరబడి బయటికి రానియ్యలే.

నాన్న: మీకివన్నీ తెలుసన్నమాట.

మావయ్య: తెల్వకేం? తెలిసే మాట్లాడుతున్న. మా ఊర్ల అంత లేదు అన్న గదా. అంత లేదంటే అస్సలు లేదని కాదు. ఒక దర్జీ ఉండె. రజాకార్లకు నీళ్లు కూడ ఇచ్చినోడు కాదు. మిషన్ ముందల కూసుంటే లేచేటోడు కాదట, అంత ఒద్దిక. పోలీస్ యాక్షన్ అయిన వారంల రాత్రికి రాత్రి పిల్లల తోలుకొని ఎల్లిపోయిండు. ఇల్లు ఖాళీ. ఊరోళ్లు తలా ఒకటి పట్టుకుపోయిన్రు. కుట్టుమిషన్ ఒగరు, మేకలు ఒగరు.

నాన్న: మీ ఇంట్లోవాళ్లు?

మావయ్య చాలాసేపు అలల్లోకి దిగే పిల్లల్నే చూశారు.

మావయ్య: మా ఇంటి దర్వాజ చూసిండ్రు గదా, పెండ్లిల. మీరే మెచ్చుకున్నరు, టేకు, చెక్కడం మంచిగున్నదని.

నాన్న ఏమీ అనలేదు. ఆ గుమ్మానికి పెళ్లినాడు మామిడాకులు కట్టింది నేను. పైకమ్మీ మీద నెలవంకలా ఒక చెక్కడం ఉంటుంది, పసుపు పూసి పూసి సగం నిండిపోయింది. అది తమలపాకు అనుకున్నాను.

మావయ్య: మా తాత చెడ్డోడు కాదు బావగారూ. ఆయన ఇల్లు కాల్చింది వేరేటోళ్లు. ఆ కోపం ఆ దర్వాజ మీద తీర్చుకున్నడు. నేను పుట్టినప్పటికే అది మా దర్వాజ. అయినా నా మాట నేను ఇడుస్తలేను. రజ్వీ వెనక ఉన్నోళ్లు సిగ్గుపడాలె. గది గదే, ఇది ఇదే.

నాన్న: విడవకండి. నేనూ విడవను.

తిరుగు పంటు సాయంత్రం అయిదింటికి దొరికింది. జనం బాగా ఉన్నారు. చాలాసేపు ఇద్దరూ చేపల ధరలు మాట్లాడుకున్నారు. నరసాపురం రేవు దీపాలు కనిపించేటప్పుడు మావయ్య గొంతు తగ్గించారు.

మావయ్య: ఆ దర్జీ మనవడు సూర్యాపేటల దుకాణం పెట్టిండు. మీ కోడలి పెండ్లి జాకెట్లు కుట్టింది అతనే. కొలతలకు ఇంటికి పిలిపిస్తిని. ఆ దర్వాజ కిందికెళ్లే లోపలికి వచ్చిండు.

నాన్న: అతనికి తెలుసా?

మావయ్య: తెల్సో తెల్వదో. లోపలికి వచ్చేటప్పుడు తల వంచిండు. అది పొట్టి దర్వాజ, అందరూ వంచుతరు.

నాన్న: చెప్తారా మరి?

మావయ్య: చెప్పి ఏం చెయ్యాలె? తీసి ఇస్తమంటే గోడ మొత్తం దాని మీదనే ఉన్నది.

పంటు ఒడ్డు తగలకముందే బైకుల వాళ్లంతా ఒక్కసారిగా స్టార్ట్ చేశారు. ఆ మోతలో నాన్న ఏదో అన్నారు. మావయ్య చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ‘ఏందీ?’ అన్నారు. నాన్న మళ్లీ చెప్పలేదు, ‘జాగ్రత్తగా దిగండి, బల్ల జారుతుంది’ అని ఆయన మోచెయ్యి పట్టుకున్నారు.